వర్ధంతి ప్రకటనలో పట్టని మా నాయన

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మీ జిల్లా పేజీలో మా నాయన ప్రథమ వర్ధంతి ప్రకటన వేయించాం. అగ్గిపెట్టె అంత ఫొటో, దాని కింద ‘మీరు మా మధ్య లేకున్నా మీ జ్ఞాపకాలు మాతోనే’ అని నాలుగు లైన్లు, ఆ కింద భార్య, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, మనవడు, మనవరాళ్లు. ప్రకటన రాసుకునే ఆయన నాలుగైదు నమూనాలు చూపిస్తే మా తమ్ముడు ఒకటి ఎంచాడు, నేనూ సరే అన్నాను. తీరా పొద్దున పేపరు తెరిచి చూస్తే అదే పేజీలో ఇంకో ఇద్దరి ఫొటోల కింద కూడా అవే మాటలున్నాయి. ఆ మాటల్లో తప్పేం లేదు, కానీ ఆ ఫొటోలో ఉన్నది మా నాయనే అని చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ఫొటో కూడా రిటైరైన రోజు స్టూడియోలో వాళ్ల కోటు తొడిగించి తీసినది, ఆయన జన్మలో కోటు వేసుకున్నది ఆ పది నిమిషాలే. రోజంతా మనసు మనసులో లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్దదవుతుందని తెలుసు, మీకు చోటున్నంత వేయండి, కానీ మధ్యలో ఒక విన్నపం ఉంది, దాన్ని మాత్రం తీసేయకండి.

మా నాయన రైల్వేలో కీమ్యాన్. ఈ మాట చెప్తే చాలామంది స్టేషన్ తాళాలు చూసుకునే ఉద్యోగం అనుకుంటారు. ఇక్కడ కీ అంటే తాళంచెవి కాదు, పట్టాను స్లీపరుకు, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెకు, బిగించి ఉంచే ఇనుప చీల. రైలు పోయిన ప్రతిసారీ ఆ అదురుకు చీలలు కొద్దికొద్దిగా వదులవుతాయి, కొన్ని ఊడి కంకరలో పడిపోతాయి. రోజూ ఒక మనిషి నడుచుకుంటూ పోయి వదులైన వాటిని సుత్తితో కొట్టి బిగించాలి, పోయిన చోట కొత్తది పెట్టాలి, రెండు పట్టాల కొసల్ని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు చూడాలి, పట్టాలో ఎక్కడైనా పగులుందేమో కనిపెట్టాలి. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా. తర్వాత్తర్వాత కాంక్రీటు స్లీపర్లు వచ్చి చీలల స్థానంలో మెలి తిరిగిన స్ప్రింగు క్లిప్పులు వచ్చాయి, వాటిని పాండ్రోల్ క్లిప్పులంటారు, అయినా ఉద్యోగం పేరు కీమ్యాన్ అనే ఉండిపోయింది.

గిద్దలూరు నుంచి నంద్యాల పోయే లైను దిగువమెట్ట దాటాక నల్లమల అడవిలోకి దూరుతుంది. చెలమ, బొగద సొరంగం దాటి గాజులపల్లె దగ్గరికి వచ్చేదాకా రెండు పక్కలా అడవే. ఆ అడవిలో ఆరు కిలోమీటర్ల ముక్క మా నాయన బీటు. 1972లో క్యాజువల్ కూలీగా చేరాడు, అప్పటికి ఆ లైను మీటరుగేజీ, బొగ్గు ఇంజన్లు. తర్వాత పట్టాలు బాగుచేసే గ్యాంగులో పర్మనెంట్ అయ్యాడు, 1988లో కీమ్యాన్ అయ్యాడు, 2010లో అరవై ఏళ్లకు రిటైరయ్యాడు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్తాను కాబట్టి ఒకసారి కూర్చుని లెక్క వేశాను. రానూ పోనూ రోజుకు 12 కిలోమీటర్లు, ఏడాదికి 300 రోజులు అనుకున్నా 22 ఏళ్లలో 79 వేల కిలోమీటర్లు దాటుతుంది. భూమి చుట్టుకొలత 40 వేలు. నాయనా, నువ్వు కీమ్యాన్‌గానే భూమిని దాదాపు రెండు చుట్లు చుట్టావు అని చెప్తే, సముద్రాలు కూడా కలిపావా పాపా అని అడిగాడు. కలిపానన్నాను. సముద్రం మీద నడవలేదు కదా, అది తీసెయ్ అన్నాడు. చేయని పని తన ఖాతాలో పడడం ఆయనకు పొరపాటున కూడా ఇష్టం ఉండేది కాదు.

మా చిన్నతనమంతా స్టేషన్ పక్క క్వార్టర్స్‌లో గడిచింది. ఆయన నాలుగు గంటలకే లేచేవాడు. మాకు మెలకువ వచ్చేసరికి చద్దన్నం, ఉల్లిపాయ, ఊరుమిండి కట్టుకుని వెళ్లిపోయి ఉండేవాడు. భుజాన సుత్తి, సంచిలో స్పానరు, ఎర్ర జెండాలు, పచ్చ జెండా, డిటొనేటర్ల డబ్బా. ఆ డబ్బా ఇంట్లో ఉన్నంతసేపు మేం దాని వంక చూడడానికి కూడా వీల్లేదు. పట్టా మీద పెడితే చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలుతుంది, ముందు ప్రమాదం ఉందని డ్రైవరు తెలుసుకుని బండి ఆపుతాడు. అందరికీ తెలిసిన ఎర్ర జెండా కంటే పొగమంచులో, మలుపుల్లో ఇదే దిక్కు.

ఆయన చేతి సుత్తికి రెండు పనులుండేవి. ఒకటి ఉద్యోగం. రెండోది, ఇప్పపూలు రాలే రోజుల్లో, అంటే మార్చి ఏప్రిల్‌లో, తెల్లారుజామున ఎలుగుబంట్లు ఆ పూల కోసం చెట్ల కిందికి వస్తాయి, మలుపు తిరిగే ముందు పట్టా మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టి కాసేపు ఆగేవాడు. నేను వస్తున్నానని చెప్పాలి గదా, చెప్పకుండా పోతే దానికి భయమేసి మీద పడుతుంది, తప్పు దానిది కాదు అనేవాడు. చెంచులు ఇద్దరు ముగ్గురు ఆయనకు మంచి స్నేహితులు, ఏ వాగు దగ్గర ఏం తిరుగుతోందో వాళ్లు చెప్పేవాళ్లు, ఈయన వాళ్లకు బీడీలో అగ్గిపెట్టో ఇచ్చేవాడు.

అడవి ఆయనకు డ్యూటీలో దారి మాత్రమే అయితే సెలవు రోజు ఇంట్లో పడుకుని ఉండేవాడు. సెలవు రోజూ అడవికే పోయేవాడు, ఈసారి మమ్మల్ని వెంట పెట్టుకుని. ఏ నెలలో ఏం దొరుకుతుందో ఆయన కాళ్లకు తెలుసు. ఎండాకాలం తునికిపండ్లు, పాలపండ్లు, సారపండ్లు, తొలకరికి నేరేడు, దసరా ముందు సీతాఫలాలు, చలికాలం ఉసిరి. మేం అక్కడికక్కడ తిన్నన్ని తినాలి, సంచి నింపుకుని రాకూడదు. ఒకసారి మా తమ్ముడు చొక్కా విప్పి మూట కట్టాడు, ఆ మూట విప్పించి సగం పండ్లు చెట్టు కిందే పెట్టించాడు. చిన్నప్పుడు అది పిసినారితనంలా అనిపించింది. తర్వాతి రోజు పొద్దున అటు పోయేది తనే కదా, చెట్టు కింద ఎవరెవరు వచ్చి తిన్నారో గుర్తులు చూసి వచ్చి, మీ పండ్లు కణితి జింక తిన్నది, నెమళ్లు తిన్నవి అని మాకు చెప్పేవాడు.

ఎండాకాలం అంటే గుర్తొచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రోళ్ల సంగతి నాకు తెలియదు గానీ పట్టాల సంగతి మా నాయన నోట విన్నాను. గాలిలో ఉండే వేడి కంటే పట్టా వేడి ఇరవై డిగ్రీల దాకా ఎక్కువుంటుంది. వంద మీటర్ల పట్టా ముప్పై డిగ్రీలు వేడెక్కితే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు సాగాలి. పాత రోజుల్లో పట్టాకూ పట్టాకూ మధ్య సందు వదిలేవాళ్లు, సందులు కలుపుతూ వెల్డింగ్ చేశాక సాగడానికి చోటు లేదు, ఆ బలమంతా స్లీపర్లు, క్లిప్పులు, కంకర పట్టుకుని ఆపాలి. అవి ఆపలేకపోతే పట్టా పాములా పక్కకు వంకర పోతుంది. అందుకే మధ్యాహ్నం అందరూ నీడకు పోయే వేళ వీళ్లు నడవాలి. చెప్పుల అడుగుభాగం మెత్తబడేదంట. నేను తొమ్మిదో తరగతికి పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి ఘనపదార్థాల వ్యాకోచానికి పుస్తకంలో ఉదాహరణ ఇంతవరకూ చదవలేదు, మా నాయన చెప్పులు చాలు.

చలికాలం ఇదంతా తలకిందులవుతుంది. రాత్రి చలికి పట్టా ముడుచుకుంటుంది, లోపల ఎక్కడో సన్నటి లోపం ఉంటే అక్కడ తెగుతుంది. 2002 జనవరిలో ఒక తెల్లారుజామున, ఇంకా మంచు కమ్మి ఉంది, ఒక వెల్డింగ్ దగ్గర సుత్తి చప్పుడు తేడాగా వచ్చిందంట. వంగి చూస్తే పట్టా నిలువునా విడిపోయి వేలు పట్టేంత సందుంది. నంద్యాల వైపు నుంచి ప్యాసింజరు వచ్చే వేళ. ఒంటరిగా ఉన్నాడు. అక్కడ ఒక ఎర్ర జెండా పాతి, బండి వచ్చే వైపు పరుగెత్తాడు. రూలు ప్రకారం 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. మీటరుగేజీ రోజుల్లో అది 400, 800 ఉండేది, బ్రాడ్‌గేజీ వచ్చాక దూరం పెరిగింది. కొలిచేందుకు టేపు ఎక్కడుంటుంది, మంచులో కిలోమీటరు రాళ్లు ఏం కనిపిస్తాయి. మా నాయనకు అది అంగల్లో కంఠతా. నడిస్తే 1600 అంగలు, పరుగెత్తితే అంగ పెద్దదవుతుంది కాబట్టి 1300. లెక్కపెట్టుకుంటూ పరుగెత్తాడు. మూడూ పెట్టి లేచి వెనక్కి వస్తుండగానే అవి పేలాయి, బండి కీచుమంటూ వచ్చి ఆగింది. తర్వాత గ్యాంగు వచ్చి పగిలిన చోట ప్లేట్లు వేసి క్లాంపులు బిగించి నడక వేగంతో బండిని దాటించారు.

ఆఫీసులో ఒక సర్టిఫికెట్టు, కొంత నగదు ఇచ్చారు. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే ఆయన చెప్పేది ఎప్పుడూ ఆ పరుగు గురించి కాదు, 1300 దగ్గర లెక్క తప్పానేమో అని అనుమానం వచ్చి ఇంకో ఇరవై అంగలు ఎక్కువ వేశాను, ఆ ఇరవై అంగలకు టైము పోయింది, బండి అప్పటికే దగ్గర్లో ఉంది అని. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ ఇరవై అంగలు ఆయన్ను బాధపెట్టేవి.

ఇక్కడే మీతో చెప్పాలనుకున్నది చెప్తాను. రైలు పట్టాలు తప్పితే మొదటి పేజీలో వస్తుంది, రావాలి కూడా. తప్పని రోజు వార్త కాదు. మా నాయన 38 ఏళ్ల పనంతా వార్త కాని రోజులే. దానికి నాకేం బాధ లేదు, ఆయనకు అసలే లేదు. కానీ పట్టాల మీద పని చేస్తూ రైలు గుద్ది చనిపోయేవాళ్లు ఉన్నారు. ఒక లైను మీద బండిని తప్పుకోబోయి రెండో లైను మీద వచ్చే బండి కింద పడతారు, వర్షం హోరులో, మిషను చప్పుడులో హారన్ వినపడదు, మలుపులో కనపడదు. అలాంటి వార్త ‘రైలు ఢీకొని ఇద్దరు గ్యాంగ్‌మన్‌ల మృతి’ అని లోపలి పేజీలో చిన్న ముక్కగా వస్తుంది, కొన్నిసార్లు పేర్లు కూడా ఉండవు. ఇప్పుడు వాళ్లను ట్రాక్ మెయింటెయినర్లు అంటున్నారు, పేరు మారినా చేసే పని అదే. దయచేసి వాళ్ల పేరు, ఊరు, ఎన్నేళ్లు పని చేశారు, ఏ బీటు, ఈ నాలుగు ముక్కలు వేయండి. మీ విలేకరులు ఒక్క ఫోన్ చేస్తే తెలిసే సంగతులే. మా నాయన తోటివాళ్లలో అలా పోయినాయన ఒకరున్నారు, ఆయన కూతురు నా క్లాస్‌మేటు, ఆ పేపరు ముక్కను చాలా కాలం పుస్తకంలో దాచుకుంది, అందులో వాళ్ల నాన్న పేరు లేదు. నా విన్నపం ఇంతే.

మళ్లీ మా నాయన దగ్గరికి వస్తాను. ఆయన మీద నాకు కోపం ఉండేది, అది కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం ప్రకటన లాగే అవుతుంది. నా పెళ్లి శ్రావణంలో జరిగింది, పొద్దున పది గంటల ముహూర్తం. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కుండపోత. వానాకాలం రాత్రుళ్లు లైను మీద పెట్రోలింగ్ ఉంటుంది, ఇద్దరిద్దరు లాంతరు పట్టుకుని నడుస్తూ వాగుల దగ్గర కట్ట కోసుకుపోయిందా, కొండ మీద నుంచి రాయి జారిందా చూడాలి. ఆ రాత్రి డ్యూటీ ఉన్నాయనకు జ్వరం వచ్చింది. సాయంత్రం ఐదింటికి స్టేషన్ నుంచి కబురొచ్చింది. సెలవులో ఉన్నాడు, రానంటే ఎవరూ ఏమనరు. అప్పగింతలు ఏడు గంటలకు. ఆరున్నరకు నా దగ్గరికి వచ్చి, నెత్తి మీద చెయ్యి పెట్టి, పోయొస్తా పాపా అన్నాడు. పట్టుపంచె విప్పి ఖాకీ నిక్కరు వేసుకుని వెళ్లిపోయాడు. నన్ను అప్పగించింది మా పెదనాయన. అత్తగారి వైపు వాళ్లు గుసగుసలాడుకున్నారు. నేను కారెక్కి ఏడ్చింది పుట్టిల్లు వదిలినందుకా, ఆయన మీద కోపానికా నాకే తెలియదు. చాలా ఏళ్లు, ఆయనకు కూతురి కంటే రైలు ఎక్కువ అని అమ్మతో అంటూనే ఉన్నాను. అమ్మ ఒక్కసారీ ఆయన్ను వెనకేసుకు రాలేదు, నన్నూ తప్పు పట్టలేదు.

2005లో, పెద్దపాప చంకలో ఉంది, గుంటూరు నుంచి రాత్రి రైల్లో వస్తున్నాను. గిద్దలూరు దాటాక వాన. కర్నూలు చేరాలి. పాపకు జ్వరంగా ఉంది, నిద్ర పట్టక కిటికీ దగ్గర కూర్చున్నాను. అడవిలో బండి నెమ్మదించింది. పట్టాల పక్కన ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారు, తల మీద నుంచి గోనెసంచి, ఒకాయన లాంతరు ఎత్తి రెండో చేతిలోని నంబరు బిళ్ల మీద వెలుగు పడేలా పట్టుకున్నాడు, డ్రైవరుకు కనిపించాలని. ఈల ఊదారు. రెండు క్షణాలు. నీళ్లు కారుతున్న ముఖాలు కనిపించి వెనక్కి పోయాయి. ఆ ఇద్దరిలో మా నాయన లేడు, ఆయన బీటు ఇంకా ముందుంది. పెట్టెలో అందరూ నిద్రపోతున్నారు, పైబెర్తులో ఎవరో గురక పెడుతున్నారు, నా ఒళ్లో బిడ్డ. నా పెళ్లి రాత్రి కూడా ఈ లైను మీద ఒక రైలు పోయి ఉంటుంది, అందులో కూడా ఇలాగే ఎవరో ఒక తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఉంటుంది అనిపించింది. ఆ ఆదివారమే పాపను తీసుకుని వెళ్లాను. ఏం చెప్పలేదు. సీతాఫలాలకు పోదామా నాయనా అన్నాను, అంతే.

ఆయన మాట ఇచ్చాడంటే ఇక దాని గురించి మనం ఆలోచించనక్కర్లేదు. ఫీజు కట్టే తేదీ ఆయనకు మా కంటే ముందు గుర్తుండేది. డ్యూటీ దిగాక మా రెండెకరాల్లో కంది, సజ్జ చూసుకునేవాడు, ఆ డబ్బు మా ఇద్దరి చదువుకు వేరే డబ్బాలో పోయేది. అప్పు అడిగితే లేదని చెప్పడం చేతనయ్యేది కాదు, కానీ ఇస్తానన్న రోజు దాటనిచ్చేవాడు కాదు. ఇవన్నీ మంచి తండ్రులందరూ చేస్తారు, వీటి మీద ఎక్కువ రాయను.

2009 అక్టోబరు సంగతి మాత్రం రాయాలి. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మేం అక్కడే, పాతబస్తీలో కింది ఇంట్లో ఉన్నాం. 2వ తేదీన నీళ్లు కిటికీల పైదాకా వచ్చాయి, పిల్లల్ని తీసుకుని పక్కింటి మేడ ఎక్కాం, రెండు రాత్రులు అక్కడే. ఫోన్లు లేవు, కరెంటు లేదు. నీళ్లు తీశాక కిందికి దిగి చూస్తే ఇల్లంతా మోకాలి లోతు ఒండ్రు, బీరువా బోర్లా పడి ఉంది, పుస్తకాలు, బియ్యం, పెళ్లి ఫొటోలు అన్నీ ఆ బురదలో. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నేనూ మా ఆయనా గుమ్మంలో కూర్చుండిపోయాం. అప్పుడు సందు మలుపులో మా నాయన. నెత్తి మీద బియ్యం మూట, చంకలో గోనెసంచి. బస్సులు లేవు, దొరికినంత దూరం లారీల మీద, దొరకని చోట నడిచి వచ్చాడు. అప్పటికి ఆయనకు 59. గోనెసంచిలో అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు, చింతపండు, రెండు టార్చిలైట్లు, పిల్లలకు బిస్కెట్లు, ఇంకా ఒక పార. పార కూడా మోసుకొచ్చాడు, అక్కడ అందరికీ కావాలి కాబట్టి దొరకదని. పిల్లల్ని ఒకసారి తడిమి చూశాడు. ఏమైందమ్మా ఎట్లా ఉన్నారు అని అడగలేదు, ఓదార్చలేదు. చొక్కా విప్పి వాకిట్లో మేకుకు తగిలించి, గుమ్మం దగ్గర నుంచి ఒండ్రు ఎత్తడం మొదలుపెట్టాడు. ఆరు రోజులు ఉన్నాడు. మా ఇల్లయ్యాక ఎదురింటి ముసలమ్మది, ఆ తర్వాత పక్క సందులో ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లది. ఏడో రోజు పొద్దున, సెలవైపోయింది పాపా అని పార మాకే వదిలేసి వెళ్లాడు. అది ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఇప్పుడు గిద్దలూరులోనే ఉంటున్నాం, పెరట్లో దాంతోనే పాదులు చేస్తాను.

రిటైరయ్యాక ఆయన పూర్తిగా తాత అయిపోయాడు. హైదరాబాద్‌లో తమ్ముడి ఫ్లాటుకు తీసుకుపోతే నాలుగు రోజులున్నాడు, నాలుగు రాత్రులూ టెర్రస్ మీద పడుకున్నాడు, వాచ్‌మన్ వచ్చి కిందికి పొమ్మంటే మా మరదల్ని పిలిపించి చెప్పించుకున్నాడు. ఐదో రోజు ఇంక బండెక్కించండి అన్నాడు. తలుపు మూసిన గదిలో ఆయనకు ఊపిరాడేది కాదు. మా ఇంట్లో వానైతే వసారాలో, వాన లేకపోతే వేపచెట్టు కింద, నులకమంచం.

ఆదివారం వచ్చిందంటే మనవడు, ఇద్దరు మనవరాళ్లు, ముగ్గుర్నీ వేసుకుని దిగువమెట్ట పోయేవాడు. ఆ అడవి పులుల అభయారణ్యం కాబట్టి ఎక్కడిదాకా పోవచ్చో అక్కడి దాకే, బండ్లబాట దాటి లోపలికి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు, మనం వాటింటికి వచ్చాం, వాకిట్లో నుంచే చూసిపోవాలి అని చెప్పేవాడు. చెట్ల పేర్లు పుస్తకంలోలా చెప్పడు. కళ్లు మూయించి బెరడు తడిమిస్తాడు. నల్లమద్ది అయితే మొసలి వీపులా గళ్లు గళ్లుగా ఉంటుంది. మా చిన్నపాప ఇప్పటికీ బడి దారిలో చెట్టు కనిపిస్తే ముందు కళ్లు మూసుకుంటుంది. తొలకరి పడ్డాక ఎర్రమఖమల్‌లాంటి ఆరుద్ర పురుగుల్ని అరచేతిలో పెట్టి, గట్టిగా ఊపిరి విడవొద్దు, దానికి గాలివాన అనిపిస్తుంది అనేవాడు. తమ్ముడి కొడుకు నీట్ కోచింగ్‌లో ఉండి టెన్షన్‌తో తిండి మానేసిన ఏడాది, సెలవుల్లో వచ్చినప్పుడు వాడితో చదువు మాట ఒక్కటీ ఎత్తలేదు, రోజూ నాలుగింటికి లేపి నడిపించేవాడు. ఏం మాట్లాడుకునేవాళ్లురా అని అడిగితే, ఏం లేదత్తా, అంగలు లెక్కపెట్టేవాళ్లం అన్నాడు.

ఆ లెక్క ఆయన్ను చివరిదాకా వదల్లేదు. మా గేటు నుంచి ఊరి బయట నేరేడు చెట్టు దాకా సరిగ్గా 1600, అంటే 1200 మీటర్లు. రోజూ పొద్దున అక్కడిదాకా నడిచి, చెట్టు కింద కాసేపు నిలబడి వచ్చేవాడు. చిన్నపాప వెంట పోయేది. ఎందుకు తాతా ఇక్కడే ఆగుతావు అంటే, ఇక్కడ మూడు పెట్టాలి, అని మాత్రం అనేవాడంట.

పోయిన ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి జ్వరం వచ్చి నెమ్ము చేసింది. ఆస్పత్రిలో ఐదు రోజులున్నాడు. మూడో రోజు నుంచి ఆయన అడిగింది ఒక్కటే, మంచం బయట వేయండి అని. బయట చలి, ఆక్సిజన్ పెట్టి ఉంది, ఎలా వేస్తాం. రేపు ఇంటికి పోదాం నాయనా, వేపచెట్టు కింద వేస్తాం అని రోజూ చెప్పాను. ఇచ్చిన మాట ఒక్కసారీ దాటని మనిషికి నేను ఇచ్చిన చివరి మాట నిలబెట్టుకోలేకపోయాను. ఆ కిటికీ తలుపైనా తెరవాల్సింది, నర్సమ్మ కసురుతుందని తెరవలేదు. ఇది రాస్తుంటే కూడా చెయ్యి ఆగుతోంది.

సంవత్సరీకం రోజు ఆయనతో పని చేసిన నలుగురు వచ్చారు, ఇద్దరు కర్రల సాయంతో. భోజనాలయ్యాక వాళ్లు వేపచెట్టు కింద కూర్చుని చాలాసేపు పాత వాగుల పేర్లు, మలుపుల పేర్లు చెప్పుకున్నారు, మీటరుగేజీ నాటి దొరబావి వంతెన గురించి చెప్పుకున్నారు, ఎక్కడో ఒక చోట మా నాయన పేరు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరు ఆగేవాళ్లు. సాయంత్రం చల్లబడ్డాక చిన్నపాప చెప్పులేసుకుని గేటు దగ్గర నిలబడింది. నేరేడు చెట్టు దాకా పోదాం అంది. నేనూ తమ్ముడూ వెంట నడిచాం. అది పెదాలు కదిలిస్తూ లెక్కపెడుతోంది, మధ్యలో నేనేదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది. చెట్టు దగ్గరికి 2310 వచ్చింది. తాత అంగలతో అయితే 1600, అని మాకు చెప్పి, చెట్టు కింద కాసేపు నిలబడి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ ఇంటివైపు తిరిగింది.

ఇట్లు,
ఒక కీమ్యాన్ కూతురు,
గిద్దలూరు